సీసా కన్నా ముందు మనిషి

మొన్న పొద్దున సంగారెడ్డి నుంచి పటాన్‌చెరు వెళ్లే బస్సులో నా ముందు సీట్లో ఒక సెక్యూరిటీ గార్డు కూర్చున్నాడు. డ్యూటీకి ఆలస్యమైనట్టుంది. రుద్రారం దాటగానే సంచిలోంచి చిన్న పాలిష్ డబ్బా తీసి, మూత తిప్పి, పాత గుడ్డతో బూట్లు రుద్దుకోవడం మొదలుపెట్టాడు. పక్కనున్న పెద్దమనిషి కండువాతో ముక్కు మూసుకుని, "ఏందయ్యా, బస్సులనే దుకాణం వెట్టినవ్" అని విసుక్కున్నాడు. నేను మాత్రం ఇంకాస్త ముందుకు వంగాను. ఆ వాసన తగలగానే నా గుండె వేగం పెరిగింది. భయంతో కాదు. కబడ్డీలో కూతకు వెళ్లే ముందు ఒంట్లో ఒక ఊపు వస్తుందే, అలాంటిది. బూట్ల పాలిష్ వాసనకు ఎవరికైనా బడి రోజులు గుర్తుకు రావాలి. నాకు రూత్ మేడం గుర్తుకొస్తారు.

నేను ఎంబీబీఎస్ చివర్లో హౌస్ సర్జన్‌గా, అంటే పని చేస్తూ నేర్చుకునే ఏడాదిలో, పటాన్‌చెరు దగ్గర ఒక సర్కారు దవాఖానలో చేరాను. అక్కడ అత్యవసర విభాగం రూత్ మేడం చేతిలో ఉండేది. ఊరు జోగిపేట. పొట్టి మనిషి, నూలు చీర, దాని కింద గుడ్డ బూట్లు. గొంతు మాత్రం చర్చిలో పాట ఎత్తుకునే గొంతు. వరండా చివర మందుల కిటికీ దగ్గర ఆవిడ దగ్గితే ఈ చివర సిస్టర్లు సర్దుకునేవారు. చదువుకున్నదంతా ఇంగ్లీషులోనే అయినా రోగుల దగ్గర జోగిపేట మాట తప్ప ఇంకో మాట రానిచ్చేవారు కారు.

మా దవాఖానకు ఒక పక్క పత్తి చేలు, వరి మడులు. ఇంకో పక్క మందుల ఫ్యాక్టరీలు, రంగుల ఫ్యాక్టరీలు. పొలాల నుంచి ఒక రకం విషం వస్తే, షెడ్ల నుంచి ఇంకో రకం వచ్చేది. అందుకే విషం పట్టినవాళ్లను చూడటం అక్కడ నేర్చుకున్నంతగా మరెక్కడా నేర్చుకోలేరని మేడం కొంచెం గర్వంగానే చెప్పేవారు. నా సంగతి వేరు. నాకు పుస్తకాలంటే ఇష్టం, మనుషులంటే బెరుకు. క్లాసులో జవాబు తెలిసినా చెయ్యి ఎత్తేదాన్ని కాదు. రోజంతా అనలేకపోయిన మాటలన్నీ రాత్రి డైరీలో రాసుకునేదాన్ని, అక్కడ మాత్రం నేను మంచి వక్తను. డాక్టరయ్యాక కూడా ఇలాగే ఒక మూల నిలబడి, చెప్పింది చేస్తూ, ఎవరి కంటా పడకుండా గడిచిపోతుందని అనుకున్నాను.

మొదటి రోజే ఆ ఆశ పోయింది. నలుగురు మనుషులు ఒక రైతును ఎత్తుకొచ్చారు. ఐదోవాడు చేతిలో సీసాను జెండాలా పైకెత్తి అందరికన్నా ముందు పరుగెత్తుకొచ్చాడు. "మందు ఇదే మేడం, ఇదే తాగిండు" అన్నాడు. పేరు చదువుదామని నేను చెయ్యి చాచాను. రూత్ మేడం నా చెయ్యి దించేశారు.

"ఆ సీసను కిటికీ అవతల వెట్టు తమ్మీ. దానికేం కాలే, మంచిగనే ఉన్నది. ఈయన సంగతి సూద్దాం."

అతను తెల్లబోయి సీసాను బయటి కిటికీ గట్టు మీద పెట్టి వచ్చాడు. ఊపిరి ఆడుతోందా, నాడి ఎలా ఉంది అని ఒక్క చూపులో చూసి, మందుతో తడిసిన చొక్కా కత్తిరించి తీయిస్తూ మేడం నా వైపు తిరిగారు. "నీకేం కనవడుతుందో చెప్పు బిడ్డా." నేను చెప్పాను. "నాకు ఇనవడలే. గోడకు ఇనవడ్డదేమో, గోడను అడుగుదామా?" పక్కన సిస్టర్లు నవ్వారు. నా చెవులు వేడెక్కాయి.

"కంటి పాపలు చిన్నగా ఉన్నాయి మేడం."

"ఎంత చిన్నగ?"

"ఆవగింజంత."

"శబాష్. ఇంక?"

"ఒళ్లంతా చెమట. నోట్లోంచి నీళ్లు కారుతున్నాయి. ఛాతీలో గురగుర. నాడి మెల్లగా ఉంది."

"ఇప్పుడు కిటికీ కాడికి వొయి సీస సూడు."

చూశాను. పత్తికి కొట్టే పురుగుల మందు. మా పుస్తకాల్లో ఆ మందుకు రాసిన లక్షణాలన్నీ అతని ఒంటి మీద వరుసగా ఉన్నాయి. మేడం తల ఊపారు. "ఈసారి కలిసింది. ప్రతిసారి కలువది."

ఎందుకు కలవదో నాకు వారంలో తెలిసింది. మా వైపు ఖాళీ సీసా పారేయడం ఎవరికీ చేతకాదు. కూల్‌డ్రింక్ సీసాలో యాసిడ్ ఉంటుంది. గడ్డి మందు డబ్బాలో ఫినాయిల్ ఉంటుంది. మంచినూనె డబ్బాలో పురుగుల మందు ఉంటుంది, దాని మూతగా ఒక మొక్కజొన్న బెండు. ఎవరింట్లో వాళ్లకు ఏది ఎందులో ఉందో కంఠతా వచ్చు. ప్రమాదం జరిగిన గాభరాలో మాత్రం పక్కింటివాళ్లు ఏది కనిపిస్తే అది పట్టుకొస్తారు. సీసాను నమ్ముకున్న డాక్టరు సీసాకు వైద్యం చేస్తాడని మేడం వెక్కిరించేవారు. అందుకే ఆవిడ పద్ధతిలో సీసా కిటికీ అవతల ఆగాలి, మనిషి లోపలికి రావాలి. తల నుంచి కాళ్ల దాకా చూసి, చూసింది చూసినట్టు అందరికీ వినపడేలా చెప్పాలి. కళ్లు, చర్మం, నోరు, ఊపిరి, నాడి, వాసన. చెప్పాకే సీసా.

ఆ మొదటి రోజే ఇంకో పని చేయించారు. ఆ రైతుకు విరుగుడు ఇంజెక్షన్ ఇస్తూ, సరిపోయిందో లేదో తెలుసుకోవాలంటే ఏం చూడాలని అడిగారు. కళ్లు అన్నాను. "కళ్లు ఆలస్యంగ మారుతయి. ఛాతీ విను, గురగుర పోవాలె. నాడి లేవాలె. చంకల చెయ్యి వెట్టు, చెమట ఆరాలె." చంకలోనా అన్నట్టు చూశాను. పక్కింటివాళ్లతో కూడా సరిగ్గా మాట్లాడని నేను ఒక ముక్కూ ముఖం తెలియని రైతు చంకలో చెయ్యి పెట్టి, "ఇంకా తడిగానే ఉంది మేడం" అని వార్డంతా వినేలా అరవాలి. అరిచాను. కాసేపాగి మళ్లీ చూసి, ఆరిపోయిందని మళ్లీ అరిచాను. ఆ రాత్రి డైరీలో ఆ ఒక్క సంగతే నాలుగు పేజీలు రాశాను. సిగ్గుతో మొదలుపెట్టి, చివరికి వచ్చేసరికి నవ్వుతో రాశాను. మర్నాడు ఎలాగో ఆ డైరీ సంగతి మేడానికి తెలిసిపోయింది. "మంచిదే, రాసుకో. కానీ డైరీ వచ్చి పేషెంటుకు సూది ఇయ్యది గద" అన్నారు.

ఆవిడ గొంతు పెద్దదే కానీ కసిరేది కాదు. ఒకసారి ఒక ముసలమ్మ మనవరాలిని తీసుకొచ్చింది. ఆ పిల్ల ఎవరిదో మాత్రల డబ్బా ఖాళీ చేసింది. ముసలమ్మ కొంగులో ముఖం దాచుకుని ఏదీ సరిగ్గా చెప్పడం లేదు. మేడం నేల మీద ఆమె పక్కనే కూర్చున్నారు. "అవ్వా, ఇంటి కాడ ఏమన్న తాగిపిచ్చినవా? చెప్పు, తిట్టను." ముసలమ్మ ముఖం మీది కొంగు తీసి, "ఉప్పు నీళ్లు వోసిన బిడ్డా. శెంబెడు" అంది. "కక్కిందా?" "కక్కలే. దగ్గింది." మేడం వెంటనే లేచి పిల్ల ఊపిరితిత్తులు విన్నారు, ఎక్స్‌రే రాశారు, ఉప్పు ఎంత ఎక్కిందో తెలుసుకోవడానికి రక్తం పరీక్షకు పంపారు. తరువాత నాతో అన్నారు, "తిడితే మల్లొకసారి దాస్తరు. దాస్తే మనం గుడ్డోళ్లం." అవ్వకు మాత్రం మెల్లగా, ఇక ముందు ఎవరికీ ఏమీ పట్టించవద్దని, నీళ్లు కూడా పోయకుండా తీసుకురమ్మని చెప్పారు.

ఇంకో నియమం కూడా ఉండేది. విషం తాగినవాళ్లను ఎందుకు తాగావని అత్యవసర విభాగంలో ఎవరూ అడగకూడదు. మనిషి కూర్చుని ఒక ఇడ్లీ తిన్నాక, తలుపు వేసి, కుర్చీ వేసుకుని మేడమే అడిగేవారు. ఆ తలుపు వెనక ఏం మాట్లాడుకునేవారో మాకు తెలియదు. బయటికి వచ్చేటప్పుడు మాత్రం ఒక్కోసారి ఇద్దరి కళ్లూ ఎర్రగా ఉండేవి.

అత్యవసర మందుల ట్రేలో మేడం తప్ప ఎవరూ ముట్టని మందు ఒకటి ఉండేది. చిన్న గాజు సీసాల్లో ముదురు నీలం. దాన్ని అందరూ మేడం ఇంకు అనేవారు. గడువు తీరకముందే కొత్తది తెప్పించడానికి ఆవిడ స్టోరు గుమాస్తాతో పోట్లాడేవారు. "ఎవరికీ వాడంది ఎందుకు మేడం?" అని అతను అడిగితే, "చుట్టుముట్టు ఇన్ని రంగుల ఫ్యాక్టరీలు వెట్టుకొని అడుగుతున్నవ్ సూడు" అనేవారు. ఆ నీలం నన్ను లాగింది. హాస్టల్లో పాత పుస్తకం తీసి ఆ పాఠం వెతికి చదివాను. కొన్ని రసాయనాలు చర్మంలోంచి కూడా ఒంట్లోకి పోయి రక్తం స్వభావాన్నే మార్చేస్తాయట. రక్తం ఉంటుంది, గాలి ఉంటుంది, కానీ ఆ రక్తం గాలిని మోయదు. మనిషి నీలమైపోతాడు. ఆ నీలానికి మందు ఈ నీలం. కథలా ఉందని మళ్లీ చదివాను.

ఇక ఆ రోజు సంగతి. మంచి ఎండాకాలం. మేడం మీటింగుకని సంగారెడ్డి వెళ్లారు. డ్యూటీలో ఇమ్రాన్ సార్ ఉన్నారు. చురుకైన డాక్టరు, చేతులు మాటలకన్నా ముందు కదిలే రకం. నాకు ఆయనంటే గౌరవం, భయం కూడా. కర్దనూర్ నుంచి ఒక ట్రాలీ ఆటో వచ్చి ఆగింది. అందులో యాదగిరి అనే ముప్పై ఏళ్ల మనిషి స్పృహ సగమే ఉండి మూలుగుతున్నాడు. ఫ్యాక్టరీలో కాంట్రాక్టు పని, ఇంట్లో రెండు బర్రెలు. అతని భార్య బాలమణి చీర మోకాళ్ల దాకా తడిసి ఉంది. చేతిలో సీసా.

"నేనే సంపుకున్న సారూ. పొద్దుగాల నోటికొచ్చినట్టు అన్న. బర్ల కొట్టంల వడిపోయి ఉండె, గూట్ల ఈ సీస. పత్తి మందు సారూ. నా మాటకే తాగిండు."

వెనక ఇరవై మంది ఊరివాళ్లు ఒకేసారి మాట్లాడుతున్నారు. ఆ గోలలో సీసా కిటికీ దగ్గర ఆగలేదు. నేరుగా ఇమ్రాన్ సార్ చేతిలోకి వచ్చింది. ఆయన చదివారు. మేమంతా రోజూ చూసే మందే. "జల్దీ, జల్దీ. విరుగుడు లోడ్ చేయండి, కడుపు కడిగే గొట్టం తీయండి" అన్నారు. ఆయన తప్పు ఏముంది, పెళ్లామే ఏడుస్తూ చెప్తుంటే ఎవరైనా అదే అనుకుంటారు. నేను తల దగ్గర నిలబడి ఆక్సిజన్ మాస్కు పట్టుకున్నాను. అలవాటు ప్రకారం కళ్లు చూశాను. పాపలు మామూలుగా ఉన్నాయి. నోరు చూశాను. ఎండిపోయి ఉంది. చంకలో చెయ్యి పెట్టాను. పొడిగా ఉంది. ఛాతీ విన్నాను. గురగుర లేదు. నాడి మెల్లగా కాదు, పరుగెడుతోంది. ముఖం మాత్రం పలక రంగు. పెదవులు దోసెడు నేరేడు పండ్లు తిన్నట్టున్నాయి. వేలికి పెట్టిన ఆక్సిజన్ మీటరు ఎనభై ఐదు దగ్గర అతుక్కుపోయింది. ఆక్సిజన్ ఎంత పెంచినా కదలడం లేదు.

"సార్, పాపలు..." అన్నాను. నా మాట నాకే వినపడలేదు.

"సార్" అన్నాను మళ్లీ.

"ఒక్క నిమిషం అమ్మా" అన్నారు ఆయన తల తిప్పకుండా. విరుగుడు నింపిన సిరంజి ఆయన చేతిలోకి వచ్చింది. ఆ మందు ఒక్కటే ఇతన్ని చంపకపోవచ్చు. కానీ మేమంతా ఆ దారిన పడితే, అతని రక్తం సంగతి ఎవరూ చూడరు, చూసేదాకా అతను ఆగడు. అంతా నాకు తెలుస్తోంది. నాలుక మాత్రం లేవడం లేదు. మాట రానప్పుడు నేను తల వంచేస్తాను, అప్పుడు నాకు మనుషుల చేతులే కనిపిస్తాయి. మంచం కడ్డీని గట్టిగా పట్టుకున్న బాలమణి వేళ్లు కనిపించాయి. గోళ్లు నేరేడు రంగులో ఉన్నాయి. రంగు వేసుకుందేమో అనుకుని తలెత్తి ఆమె పెదవులు చూశాను. అవీ అదే రంగు.

"సార్, ఆపండి. ఇది పురుగుల మందు కాదు."

అందరూ ఇటు తిరిగారు. ఆ గొంతు ఎవరిదో చూద్దామని నేను కూడా పక్కకు చూడబోయాను. ఇమ్రాన్ సార్ చెయ్యి ఆగింది. "చెప్పు" అన్నారు. చెప్పాను, మేడం ఎదురుగా నిలబడి ఉన్నట్టే చెప్పాను. పాపలు మామూలు. చెమట లేదు. నోరు ఎండింది. ఛాతీ తేట. ఆక్సిజన్ పెంచినా మీటరు కదలదు. "ఇంకో సంగతి సార్. ఈమె కూడా నీలంగా ఉంది."

ఆయన బాలమణి వేళ్లు పట్టుకుని వెలుతురుకు తిప్పి చూశారు. సిరంజి ట్రేలో పెట్టేశారు. "అరె" అన్నారు నెమ్మదిగా. "అమ్మా, నువ్వేమన్న తాగినవా?"

"నేనెందుకు తాగుత సారూ, నాకు పిల్లలున్నరు."

"పొద్దుగాల నుంచి ఇద్దరు ఏం పని చేసిండ్రు?"

"ఏం పని, డ్రమ్ము కడిగినం. నల్ల నీళ్లు దినం తప్పించి దినం వస్తయి. నీళ్లు వట్టుదమంటె డ్రమ్ము లేదని నాకు ఆయనకు రోజు లొల్లి. నైట్ డ్యూటీ దిగి నిద్ర వోత అన్నడు. నీకు నిద్రనే గావాలె, సంసారం వద్దు అన్న. కోపం మీద వొయి స్క్రాపు దుకాణంల డ్రమ్ము కొనుకొచ్చిండు. అడుగుల నూనె లెక్క ఏదో ఉండె. అంగీ ఇప్పి లోపలికి తల వెట్టి చేతులతోని రుద్దిండు. నేను పైన పైన కడిగిన."

"వాసన ఎట్లుండె?" అని అడిగాను. ఆ ప్రశ్న కూడా నేనే అడిగాను.

"బూట్ల పాలిషి లెక్క."

నేను వంగి యాదగిరి తడి బనియన్ వాసన చూశాను. అచ్చం అదే. ఆ తరువాత జరిగిందంతా నాకు ఇప్పటికీ ఒకే ఊపిరిలో గుర్తొస్తుంది. ఇమ్రాన్ సార్ అతని నరంలోంచి రక్తం తీసి తెల్లటి గుడ్డ మీద ఒక చుక్క వేశారు. పక్కనే తన వేలు పొడుచుకుని ఇంకో చుక్క. గాలికి ఊపారు. ఆయన చుక్క ఎర్రగా మెరిసింది. యాదగిరి చుక్క చాక్లెట్ ముక్కలా గోధుమ రంగులోనే ఉండిపోయింది. అంతే, అందరి చేతులూ ఒకేసారి కదిలాయి. తడి బట్టలు ఇంకా విషాన్ని ఒంట్లోకి పంపుతూనే ఉన్నాయి కదా, ముందు అవి పోవాలి. చేతులకు తొడుగులు వేసుకుని బనియన్, లుంగీ కత్తిరించి సంచిలో వేసి మూతి కట్టారు. కిటికీలు తెరిచారు. సబ్బుతో, నీళ్లతో అతన్ని జుట్టు నుంచి గోళ్ల దాకా కడిగారు. బాలమణిని సిస్టర్లు స్నానాల గదికి తీసుకెళ్లారు. నేను మేడానికి ఫోన్ చేశాను.

"మేడం, నేను" అని మొదలుపెట్టి ఆగకుండా చెప్పేశాను.

"రక్తం సూసిండ్రా?"

"చాక్లెట్ రంగు మేడం. గాలికి కూడా ఎర్రబడలేదు."

"ఇంతకు ముందు ఏదన్న మందు వడక ఆయనకు గాని ఇంట్లోళ్లకు గాని రక్తం విరిగిందా, అడుగు. అట్లుంటె ఇంకు ఇయ్యొద్దు." స్నానాల గది తలుపు బయట నిలబడి అడిగాను. అలాంటిదేమీ లేదని లోపలి నుంచి బాలమణి చెప్పింది. "అయితే ఇయ్యుండ్రి, మెల్లగ. నేను బయలెల్తున్న. అవు బిడ్డా, నీకు ఇంత గొంతున్నదని నాకు తెల్వనే తెల్వది."

ఎవరూ ముట్టని ఆ ఇంకు సీసా మెడ ఆ రోజు విరిగింది. ఇమ్రాన్ సార్ దాన్ని సిరంజిలోకి తీసి, గడియారం చూసుకుంటూ మెల్లగా నరంలోకి పంపారు. మీటరు ఇంకా కిందికి పడిపోయింది. నేను దాన్నే చూస్తూ నిలబడ్డాను. "ఆ మందు రంగుకు అది బేజారైతది. దాన్ని సూడకు, మనిషిని సూడు" అన్నారాయన. చూశాను. ముందు చెవి తమ్మెలు మారాయి. పలక రంగు చెరిగి, కింద నుంచి ఇంకేదో రంగు పైకి వస్తోంది. పెదవుల మీద నేరేడు రంగు వెలిసిపోయి, గులాబీ కాదు గానీ, బతికున్న మనిషి రంగు ఏదైతే ఉందో అది వచ్చింది. నేను మంచం కాళ్ల దగ్గర నిలబడి నోరు తెరుచుకుని చూస్తున్నాను. పుస్తకంలో చదివిన ఒక పేరా నా కళ్ల ముందు ఊపిరి పీల్చి, కళ్లు తెరిచి, "తల పగులుతుంది" అంది.

డ్రమ్ము సంగతి అప్పుడు గుర్తొచ్చింది. బాలమణి ఫోన్ తీసుకుని వాళ్ల పక్కింటామెకు చేశాను. "ఆ డ్రమ్ము ఎవరూ ముట్టొద్దు. కడిగిన నీళ్ల దగ్గరికి పిల్లలను రానియ్యొద్దు. బర్రెలను దూరంగా కట్టండి" అని వరండాలో నిలబడి అరిచాను. "ఎవరు మాట్లాడేది?" అని ఆమె అడిగింది. "డాక్టర్ని" అన్నాను. ఆ మాట నేను పైకి అనడం అదే మొదటిసారి. తిరిగి వచ్చేసరికి వార్డులో ఇంకో గొడవ. తన మూత్రం ఆకుపచ్చగా వస్తోందని యాదగిరి సిస్టరును పిలిచి భయపడుతున్నాడు. మందు రంగేనని, రెండు రోజుల్లో పోతుందని చెప్తే, "నేను చిలకనైతనేమో అనుకున్న" అన్నాడు. సిస్టర్లు పడీ పడీ నవ్వారు. ఇమ్రాన్ సార్ అందరికీ చాయ్ చెప్పారు.

ఆ నవ్వుల మధ్యలో రూత్ మేడం వచ్చారు. అతని గోళ్లు చూశారు, నాలుక చూశారు, ఛాతీ విన్నారు. విషం మళ్లీ తిరగబడవచ్చు కాబట్టి రేపటి దాకా వదలొద్దన్నారు. తరువాత నన్ను మంచం దగ్గర నిలబెట్టి మొదటి నుంచి చెప్పించారు. పొగడ్త కోసం నేను ఎంత ఎదురుచూశానో ఏం చెప్పను. ఆవిడ విన్నారు, తల ఊపారు, చుట్టూ చూశారు.

"ఆమెకు చెప్పినవా?"

"ఆమె కూడా బాగానే ఉంది మేడం. స్నానం చేయించాం, ఆక్సిజన్ పెట్టాం, గోళ్లు తెల్లబడుతున్నాయి."

"అది కాదు బిడ్డా. మొగడు మందు తాగలేదని ఆమెకు ఎవలన్న చెప్పిండ్రా?"

పురుగుల మందు కాదని నేను అరిచినప్పుడు ఆమె అక్కడే ఉంది కదా అన్నాను. "పురుగుల మందు గాకుంటె ఇంకేం తాగిండో అనుకుంటది ఆమె. పో. నువ్వే చెప్పాలె, నేను గాదు."

పక్క గదిలో బాలమణి గోడ వైపు తిరిగి కూర్చుని ఉంది. మాస్కు కింద ముఖం ఉబ్బి ఉంది. నన్ను చూసి, "బతుకుతడా?" అంది. బతుకుతాడన్నాను. ఆమె ముఖంలో ఏమీ మారలేదు. "బతికినా నన్ను మాఫ్ చేస్తడా" అంది. నేను కుర్చీ లాక్కుని కూర్చున్నాను. అరవడం ఆ రోజే నేర్చుకున్నాను గానీ ఇక్కడ అది పనికి రాదు. "అక్కా, ఆయన ఏమీ తాగలేదు" అన్నాను. ఆమె నా వైపు చూసింది. "డ్రమ్ములో ఏదో రసాయనం మిగిలింది. అది చర్మంలోంచి ఒంట్లోకి పోయింది. మీకూ కొంచెం పోయింది, అందుకే గోళ్లు నీలమయ్యాయి. ఆ సీసా గూట్లో ఎప్పుడూ ఉండేదే. ఆయన దాన్ని ముట్టలేదు."

"తాగలేదా?"

"తాగలేదు."

"నా మాటకు తాగలేదా?"

"ఎవరి మాటకూ తాగలేదు అక్కా."

ఆమె మాస్కు తీసేసి లేచింది. నేను ఆపేలోపు కాళ్లు నేలకు ఆనాయో లేదో అన్నట్టు నడిచి పక్క గదిలోకి వెళ్లి యాదగిరి మంచం దగ్గర నిలబడింది. "నువ్వు మందు తాగలేదా?" అని గద్దించి అడిగింది. అతను బలహీనంగా కళ్లు తెరిచాడు. "ఏం తాగుత? పొద్దుగాల చాయ్ సుత ఇయ్యకపోతివి." ఆమె మంచం కడ్డీకి నుదురు ఆనించి, భుజాలు కదులుతుంటే, ఏడుస్తోందో నవ్వుతోందో తెలియకుండా చాలాసేపు అలాగే ఉండిపోయింది. మేడం నా పక్కన నిలబడి ఉన్నారు. నా భుజం మీద చెయ్యి వేసి ఒకసారి నొక్కి, వేరే మంచం వైపు వెళ్లిపోయారు.

రూత్ మేడం ఇప్పుడు పదవీ విరమణ చేసి జోగిపేటలో ఉంటున్నారు. ఫోన్ చేస్తే, "పేషెంటు ఉంటే చెప్పు, లేకుంటె మిరప మొక్కలకు నీళ్లు వొయ్యాలె" అంటారు. నేను సంగారెడ్డిలో ఒక దవాఖానలో అదే పని చేస్తున్నాను. గట్టిగా మాట్లాడటం ఇప్పుడు అలవాటైపోయింది, అందులో పెద్ద గొప్ప లేదు. కష్టమైంది రెండోది. ఒక కేసు గట్టెక్కాక మా వాళ్లంతా చాయ్‌కి వెళ్తారు, వాళ్ల నవ్వులు వరండా అంతా వినిపిస్తాయి, నాకూ వాళ్లతో వెళ్లాలనే ఉంటుంది. బయట బల్ల మీద ఎవరో ఒకరు ఉంటారు, తల్లో, భార్యో, పొద్దున ఒక మాట జారిన అన్నో. వాళ్ల దగ్గరికి వెళ్తాను. చెవులు ఇప్పటికీ వేడెక్కుతాయి. కుర్చీ దగ్గరికి లాక్కుని, అసలు ఏం జరిగిందో మొదటి నుంచి చెప్పడం మొదలుపెడతాను.